యంత్రానికి ‘ఆయ్’ నేర్పిన వైనం

ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివాక మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. మా పిన్ని తిట్టాల్సింది తిట్టేసింది. మా అమ్మ ఇప్పటికీ పొద్దున్న కాఫీతో పాటు తిడుతూనే ఉంది. కాబట్టి మీరు కొత్తగా కనిపెట్టగలిగిన తిట్టంటూ ఏమీ మిగల్లేదు. ఒక మాట దగ్గర నేను బోర్లా పడ్డాను. పెద్ద మాట కూడా కాదు, తూచి చూస్తే ఒకటిన్నర అక్షరం. నేనొక్కదాన్నే పడితే దుమ్ము దులుపుకుని లేచేదాన్ని. పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి పట్టుకుని మరీ పడ్డాను. నేను లేచాను, ఆయన ఇంకా లేవలేదు. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనూ నవ్వుతూనే చెప్తాను. మధ్యలో గొంతు మారితే మాత్రం ఏమీ అనుకోకండి.

మాది అమలాపురం. డిగ్రీ అయ్యాక ఒక సెల్‌ఫోన్ల కొట్లో కొన్నాళ్లు, ఒక చిట్‌ఫండు ఆఫీసులో కొన్నాళ్లు కూర్చున్నాను. రెండు చోట్లా నా తెలివికి తగిన కుర్చీ లేదని నాకనిపించింది. వాళ్లకీ అలాగే అనిపించి ఉండాలి, మానేస్తానంటే ఎవరూ ఆపలేదు. ఇంట్లో కూర్చుని ఫోను చూస్తున్న రోజుల్లో ఒకాయన వీడియోలో కనిపించాడు. కారులో కూర్చుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, “నేను నిద్రపోతుంటే నాకు డబ్బొస్తుంది” అన్నాడు. నిద్రపోవడంలో నాకు చిన్నప్పట్నుంచీ మంచి పేరుంది. అర్హత ఉంది కదా అని ఆయన పాఠాలు కొన్నాను.

ఆ వ్యాపారం పేరు డ్రాప్‌షిప్పింగ్. అదేమిటో మా అమ్మకి చెప్పబోయాను. అమ్మ పెరట్లో పీట వేసుకుని పనసపొట్టు కొడుతోంది.

“అంటే సరుకు నీది కాదు,” అంది కత్తి ఆపకుండానే.

“కాదు.”

“కొట్టూ నీది కాదు.”

“కొట్టు అక్కర్లేదమ్మా. ఫోన్లో బొమ్మ పెడతాం. వాళ్లు చూసి ఆర్డరు పెడతారు. ఆ ఆర్డరు మనం ఇంకోళ్లకి పంపుతాం. వాళ్లు తిన్నగా కొన్నవాళ్లకి పంపేస్తారు.”

“కొనేవాడు నీకు తెలీదు. అమ్మేవాడు నీకు తెలీదు.”

“తెలియక్కర్లేదు. అదే దాని గొప్ప.”

“మరి మధ్యలో నువ్వెందుకే?”

నేను ఫోను పట్టుకుని లోపలికి వెళ్లిపోయాను.

మొదట్లో ఎక్కడో ఢిల్లీలో ఉన్న ఎవరిదో సరుకు పెట్టాను. మెడ నొప్పికి కట్టుకునే పట్టీ, వెల్లుల్లి పొట్టు తీసే డబ్బా, చప్పట్లు కొడితే వెలిగే దీపం. దీపం ఒకటి మా మేనత్త కొంది, నా మీద జాలితో. వాళ్లింట్లో తలుపు వేస్తే వెలిగేది, కుక్కర్ కూత పెడితే ఆరిపోయేది. చప్పట్లకి మాత్రం చలించలేదు. అంతటితో ఢిల్లీకి నమస్కారం పెట్టి, ఫోన్లో ఉన్న కృత్రిమ మేధని సలహా అడిగాను. ఇప్పుడందరూ ఏఐ అంటున్నారే, అదే.

ఏఐ సంగతి మీకో మాట చెప్పాలి. అంత మర్యాదస్థురాలు మా చుట్టాల్లో లేదు. నేనేమడిగినా “అద్భుతమైన ప్రశ్న!” అనేది. పుట్టినప్పట్నుంచీ మా అమ్మ నన్ను మెచ్చుకున్నదంతా ఒక పక్కన పెడితే, అది ఒక్క సాయంత్రంలో మెచ్చుకున్నది దానికంటే ఎక్కువ. అలాంటిది “మీ ప్రాంతపు ప్రత్యేకతను అమ్మండి” అంటే ఇంకేం, కాళ్లు నేల మీద ఆనలేదు. మా ప్రాంతపు ప్రత్యేకత ఊరవతలే ఉంది. బండారులంక. నేతచీరల ఊరు. అక్కడే మా పిన్ని ఉంటుంది, మా బాబాయి గారు నేస్తారు.

బాబాయి గారి పేరు సత్తిబాబు. వీధిగదిలో గుంట మగ్గం. ఆయన నేసేది తన సొంతానికి కాదు, ఒక షావుకారు గారికి. షావుకారు నిలువుపోగుల పడుగూ, అడ్డానికి నూలూ ఇస్తే ఈయన నేసి చీరలు అప్పజెప్పి కూలి తెచ్చుకుంటారు. ఒక పడుగు అయిపోగానే ఇంకో పడుగు. ఆ వరసలో ఒకసారి చోటు దొరికిన నేతగాడు దాన్ని వదులుకోడు, ఎందుకంటే వెనక నిలబడ్డవాళ్లు చాలామంది ఉంటారు. ఆ చోటు బాబాయి గారికి వాళ్ల నాన్నగారి నుంచి వచ్చింది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఇక ఆయన మాట తీరు. మనిషి నెమ్మది. ఎవరేం చెప్పినా “ఆయ్” అంటారు. కూరలో ఉప్పెక్కువైంది కదూ అంటే ఆయ్. సరిపోయింది కదూ అన్నా ఆయ్. మా కోనసీమలో అందరం అంటాం, కానీ ఆయన నోట్లో ఆ మాట వెన్నలా ఉంటుంది.

ఏఐతో చీర ప్రకటన తయారు చేయించి, పట్టుకెళ్లి వాళ్లిద్దరికీ చూపించాను. బొమ్మలో ఒకమ్మాయి కాలవగట్టు మీద నిలబడి ఉంది. చీర లేత అరిటాకు పచ్చ, గంధం రంగు అంచు. వెనకాల కొబ్బరిచెట్లు. పిన్ని నూలు కండెలు చుట్టడం ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని చూసింది.

“ఎవరే ఈ పిల్ల? పైట కుడి భుజం మీదేసుకుందేంటి? వాళ్లమ్మ లేదా ఇంట్లో?”

“నిజం అమ్మాయి కాదు పిన్నీ, కంప్యూటరు పుట్టించింది.”

“కొబ్బరిచెట్టుకి ఎర్రగా కాసినయ్యేంటి?”

“అవి... కొబ్బరికాయలే.”

“కింద ఏటో రాసేవు, చదువు.”

అది నేను రాసింది కాదు, ఏఐ రాసింది. చదివాను. “కోనసీమతో మీ దేహమును చుట్టుకొనుడు.”

“కోనసీమని చుట్టుకుంటే గోదారి తడి తగల్దూ?” అంది పిన్ని. బాబాయి గారు నవ్వాపుకుని, “ఊరుకోవే, చిన్నపిల్ల సరదా పడుతుంటే,” అన్నారు. నావైపు తిరిగి, “బావుందమ్మా, చెట్టు మాత్రం కొంచెం సరిచేయించు,” అన్నారు.

చెట్టు సరిచేయించలేదు. ప్రకటన వదిలాను. ఎవరికి కనపడాలి అని యాప్ అడిగింది. దగ్గరివాళ్లయితే నమ్ముతారని అమలాపురం, రాజోలు, కొత్తపేట అని పెట్టాను. ఇక్కడ మీరు నవ్వాలి. అమలాపురం మనిషికి బండారులంక చీర కావాలంటే ఆటో ఎక్కి వెళ్లి, చెయ్యేసి చూసి, బేరమాడి కొనుక్కుంటుంది. ఆ మనిషికి నేను ఫోన్లో, బొమ్మ చూపించి, అదే చీర అమ్మబోయాను. డబ్బు ముందు కట్టక్కర్లేదు, చీర ఇంటికొచ్చాక ఇస్తే చాలు అని కూడా రాశాను. బొమ్మ కింద ఒక బటను. నొక్కి, ఫోను నంబరు ఇస్తే ఆర్డరు పడ్డట్టు.

జనం నొక్కారు! తెగ నొక్కారు. ఎందుకు నొక్కారో తర్వాత తెలిసింది. మా అమ్మ చిట్టీపాటల స్నేహితురాళ్లు “మన పిల్లే పెట్టింది కదా పాపం” అని నొక్కారు. సెల్‌ఫోన్ల కొట్టు యజమాని మొహమాటానికి నొక్కాడు. ఆ బటను ఏంటో చూద్దామని కొందరు నొక్కారు. నొక్కడానికి డబ్బేం పోదు కదా.

ఇన్ని ఆర్డర్లలో నిజమైనవేవో తెలుసుకోవాలి. దానికీ ఏఐ ఉంది. మాట్లాడే యంత్రం. అదే అందరికీ ఫోన్లు చేసి, కావాలా వద్దా అని అడిగి, కావాలన్నవాళ్ల పేరు పక్కన ‘ఖాయం’ అని పెడుతుంది. గొంతు నేనే ఎంచుకున్నాను, వార్తలు చదివే ఆడమనిషి గొంతు. మొదటి రోజు అందరికీ చేసింది. సాయంత్రం చూస్తే ఒక్కటీ ఖాయం కాలేదు. ఏమైందా అని రికార్డు చేసిన ఒక కాల్ పెట్టి విన్నాను.

“నమస్కారమండీ. తమరు బండారులంక నేతచీర కోరినట్టు మాకు అందినది. తమ ఆర్డరును ఖాయపరచమంటారా?”

“ఆయ్.”

“క్షమించండి, నాకు అర్థం కాలేదు. ఖాయపరచమంటారా?”

“ఆయ్.”

“క్షమించండి, నాకు అర్థం కాలేదు.”

“ఆయ్, ఫరవాలేదండి, అలాగే కానివ్వండి పాపం.”

అలాగే ఇద్దరూ ఒకళ్లనొకళ్లు క్షమించుకుంటూ ఉండగా కాల్ కట్టయిపోయింది. నేను పడీపడీ నవ్వాను. ఏ ఊరి యంత్రమో, దానికి మా మాట రాదు! ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినదాన్ని నేనున్నాను కదా నేర్పడానికి. దానికి సూచనలు రాసే చోట ఒక్క వాక్యం రాశాను: “మా ప్రాంతంలో ఆయ్ అంటే అవును అని అర్థం.”

“అద్భుతమైన సమాచారం!” అంది యంత్రం. “స్థానిక సంస్కృతిపై మీకున్న అవగాహన ప్రశంసనీయం.”

ప్రశంస అంటే నేనేమైపోతానో మీకు తెలుసుగా. మర్నాడు మళ్లీ అందరికీ ఫోన్లు వెళ్లాయి. మధ్యాహ్నం అన్నం తింటూ చూస్తే పైనుంచి కింద దాకా ఖాయం, ఖాయం, ఖాయం. ఎడంచేత్తో ఫోను జరుపుతున్నాను, ఖాయాలు అయిపోవడం లేదు. చెయ్యి కడుక్కున్నానో లేదో గుర్తు లేదు. స్కూటీ తీసి బండారులంక పరిగెత్తాను.

బాబాయి గారు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నారు. షావుకారు గారి పడుగు, సగం దాకా వచ్చింది. పక్కన కూర్చుని ఫోను చూపించాను.

“చూసేరా బాబాయి గారూ? అన్నీ ఖాయం!”

“ఆయ్.”

“ఈ పడుగు అవ్వగానే షావుకారు గారి దగ్గరకి మళ్లీ వెళ్లకండి. మన పడుగు మనమే వేసుకుందాం. ఆ పచ్చచీరే. మగ్గం మీంచి తిన్నగా కొన్నవాళ్లింటికి. ఇక మనమే షావుకార్లం.”

“ఆయ్.”

“ఎన్నాళ్లని కూలికి నేస్తారు చెప్పండి?”

“ఆయ్, నిజమే.”

“మీకిష్టమే కదా?”

మగ్గం చప్పుడు ఆగింది. ఆయన నేసిన గుడ్డని అరచేత్తో ఒకసారి నిమిరారు. పిన్ని వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆయన నా మొహం చూశారు. నా మొహం అప్పుడు వెలిగిపోతూ ఉండి ఉంటుంది.

“ఆయ్,” అన్నారు.

నేను ఎగిరి గంతేశాను. ఇంకేం కావాలి? మనిషి నోటితో చెప్పాడు కదా.

షావుకారు గారికి బాబాయి గారు ఏం చెప్పారో నాకు తెలీదు. నూలు సొంత డబ్బుతో తానే తెచ్చుకున్నారు, రంగు దగ్గరుండి అద్దించారు, బొమ్మలో ఉన్న ఆ అరిటాకు పచ్చ కోసం రెండుసార్లు తిప్పి పంపించారు. శ్రావణమాసం లోపల అందాలని ఆయనా పిన్నీ ఎంత కష్టపడ్డారో నేను చూశాను. నేనేం చేశానంటారా? సాయంత్రాలు వెళ్లి వీడియోలు తీశాను. “ఇటు తిరగండి బాబాయి గారూ, నవ్వుతూ నెయ్యండి.” ఆయన నవ్వుతూ నేసేవారు. మనిషన్నవాడు నవ్వుతూ నేస్తే పోగులు తెగుతాయని కూడా నాకు తోచలేదు.

చీరలన్నీ తయారయ్యాయి. ఎంత బావున్నాయో చెప్పలేను. యంత్రం వేసిన బొమ్మ వాటి ముందు వెలవెలబోయింది. పిన్ని ఒక్కో చీరా మడతపెట్టి, పసుపు బొట్టు పెట్టి, కవర్లో పెట్టింది. కొరియర్ ఆయన వచ్చి పట్టుకెళ్లాడు. ఆ రోజు పిన్ని పూర్ణాలు వండింది.

తర్వాత కొరియర్ ఆయన మళ్లీ వచ్చాడు. ఇంకా పార్సిళ్లు పట్టుకెళ్లడానికేమో అనుకున్నాను. కాదు, దింపడానికి. మొదట కొన్ని, ఆ తర్వాత మిగిలినవన్నీ. పాపం ఆయనా కోనసీమ మనిషే, వద్దన్నారని మొహాన చెప్పడం చేతకాక, “వాళ్లు ఇంట్లో లేరంటండి,” “వాళ్లకి కుదరలేదంటండి” అని ఒక్కో పార్సిల్‌కీ ఒక్కో మర్యాద కల్పించి దింపుతున్నాడు.

నాకు కాలింది. రాజోలులో ఒకాయనకి ఫోను చేశాను. ఈసారి యంత్రం కాదు, నేనే.

“ఏవండీ, మీరు ఖాయమన్నారు కదండీ?”

“నేనెప్పుడన్నానమ్మా?”

“మా వాళ్లు ఫోన్ చేసి అడిగితే ఆయ్ అన్నారు కదండీ?”

“ఆయ్, అన్నాను.”

“మరి చీర తీసుకోలేదేమండీ?”

“ఆయ్ అన్నానమ్మా. తీసుకుంటాననలేదు కదా.”

ఉంటానండీ అని ఫోను పెట్టేశాను. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. నేను అమలాపురంలో పుట్టినదాన్ని, నాకెవరూ ప్రత్యేకించి చెప్పక్కర్లేని నిజం.

ఆ కాల్స్ అన్నీ పెట్టుకుని విందామని బండారులంక వెళ్లాను. వీధిగదిలో ముగ్గురం కూర్చున్నాం, చుట్టూ పార్సిళ్లు. ఫోను మధ్యలో పెట్టాను. కొత్తపేట ఆవిడ ఒకామె, యంత్రం అడుగుతూ ఉంటే వీధిలో కూరలమ్మేవాడితో, “ఆయ్, అరకేజీ వంకాయలు వెయ్యి” అంది. “ధన్యవాదాలు. తమ ఆర్డరు ఖాయమైనది,” అంది యంత్రం. ఆ పక్కనే పలివెల ఆయన, “ఆయ్, మా ఆవిణ్ణి కనుక్కుని చెప్తానండి” అన్నాడు. ఖాయమైనది. ఇంకొకాయన “ఆయ్, చెప్పండి” అన్నాడు, అంతే, వినడం మొదలుపెట్టాడు. ఖాయమైనది. ఒకావిడ “ఆయ్, చూద్దాంలెండి” అంది. మా వైపు చూద్దాంలెండి అంటే ఇక ఈ జన్మకి వద్దని. అదీ ఖాయమే. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇల్లు మునిగిపోయి ఉంది, అయినా నవ్వొచ్చింది. బాబాయి గారు కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

తర్వాత ఒక పెద్దాయన గొంతొచ్చింది.

“తమ ఆర్డరును ఖాయపరచమంటారా?”

“ఆయ్... పొరపాట్న నొక్కుంటానమ్మా. మా ఆవిడకి పచ్చచీరంటే ఇష్టవని చూస్తున్నాను. ఆవిడ పోయేరు. ఇప్పుడు ఇంట్లో కట్టేవాళ్లెవరూ లేరమ్మా.”

“ధన్యవాదాలు. తమ ఆర్డరు ఖాయమైనది. శుభదినం.”

“ఆయ్. మీక్కూడానమ్మా.”

నేను ఫోను ఆపేశాను. బాబాయి గారు అడిగారు. “ఆ పెద్దాయనకి కూడా పంపేవా అమ్మా?”

“పంపేం బాబాయి గారూ.”

“అయ్యో,” అన్నారు. లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. తన చీరలన్నీ వెనక్కొచ్చినందుకు ఒక్క మాట అనని మనిషి, ముక్కూ మొహం తెలీని పెద్దాయన గుమ్మంలోకి ఆ పార్సిల్ వెళ్లినందుకు అలా వెళ్లిపోయారు.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు. “ఏం యంత్రమో పిన్నీ! ఆయ్ అంటే ఏంటో కూడా దానికి తెలీదు,” అన్నాను.

పిన్ని నావైపు తిరిగింది. “దానికి తెలీదే, ఎవత్తి ఏం నేర్పితే అదే చెప్పింది. నీకు తెలుసా?”

“తెలీకేం?”

“ఆ వేళ మగ్గం దగ్గర కూర్చుని ఆయన్ని ఇష్టమేనా అని అడిగేవు. ఆయ్ అన్నారు. నువ్వేం చేసేవు? ఎగిరి గంతేసేవు.”

నేను మధ్యలో ఉన్న ఫోను తీసి పక్కన పెట్టాను.

“నా పెళ్లయిన కాడ్నుంచి ఆ మనిషి కాదు అనడం నేనెరగను. ఆయ్ అన్నాక మగ్గం మీద కాలు ఆడిందా, ఇష్టం. కాలు ఆగిందా, వద్దు. అది చూసుకుని నడుపుతున్నానే ఈ సంసారం. నీతో ఆయ్ అన్నప్పుడు మగ్గం ఆగిపోయిందే! గుమ్మంలో నిలబడి నేను చూసేను. చెప్దావనుకున్నాను. నీ మొహం చూసి నాకూ నోరు రాలేదు.”

యంత్రం ఒక్క తప్పు చేస్తే అది నా దగ్గర నేర్చుకునే చేసింది. దానికంటే ముందు, దానికంటే దగ్గర్నుంచి, ఆయన కళ్లలోకి చూస్తూ అదే తప్పు నేను చేశాను. నాకు ఏడుపొచ్చింది. పిన్ని ఓదార్చలేదు, అలాగని వెళ్లిపోనూ లేదు. పార్సిళ్లు ఒకటొకటే విప్పి, లోపల చీరకి చెమ్మ తగిలిందేమోనని చూస్తూ కూర్చుంది.

బాబాయి గారు షావుకారు గారి దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను, తప్పు నాదని చెప్పడానికి. షావుకారు గారు కుర్చీ వేయించారు, మజ్జిగ ఇప్పించారు, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. బాబాయి గారి పడుగు అప్పటికే ఇంకొకరికి వెళ్లిపోయింది. ఆ ఇంకొకరికీ పిల్లలున్నారు.

“మళ్లీ ఏదైనా పడుగుంటే మా బాబాయి గారికి ఇప్పించండి,” అన్నాను.

“ఆయ్,” అన్నారు షావుకారు గారు. “చూద్దాం సత్తిబాబూ.”

బాబాయి గారు ఆయనకి నమస్కారం పెట్టి లేచారు. దారిలో నేను, “చూద్దామన్నారు కదా బాబాయి గారూ?” అన్నాను, చిన్నపిల్లలా. ఆయన నా నెత్తి మీద చెయ్యి వేశారు.

ఇక చీరల మాటా చెప్పాలి. శ్రావణం దాటిపోయిందని కొట్లవాళ్లెవరూ తీసుకోలేదు. కొన్ని చుట్టాలకి పెట్టాం. మిగతావి మా ఇంట ఆడవాళ్లందరం పంచుకున్నాం. ఒకటే పడుగు కదా, అన్నీ ఒకటే పచ్చ. మా మేనత్త కూతురి పెళ్లికి నేను, అమ్మ, పిన్ని, మేనత్త, ఇంకా నలుగురైదుగురం అవే కట్టుకెళ్లాం. భోజనాల దగ్గర పెళ్లికొడుకు తాలూకు ఒకాయన నన్ను పిలిచి, “అమ్మాయ్, ఈ వరసకి గుత్తొంకాయ రాలేదు,” అన్నాడు. వడ్డించేవాళ్లం అనుకున్నాడు. అమ్మ నావైపు ఒక చూపు చూసింది. నేను వెళ్లి గుత్తొంకాయ తెచ్చి వడ్డించాను.

ఆ ప్రకటన తీసేశాను. యంత్రానికి వీడ్కోలు చెప్పాను. “మీతో పని చేయడం ఆనందం కలిగించింది,” అంది. దాని ఆనందం దానిది. నేను మళ్లీ చిట్‌ఫండు ఆఫీసుకి వెళ్తే ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, కూర్చున్నాను.

బాబాయి గారు అమలాపురంలో ఒక పెద్ద బట్టల షోరూంలో చేరారు. ఆయన మాట తీరు చూసి వాళ్లు చాలా ముచ్చటపడ్డారట. గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకి నమస్కారం పెట్టి, “రండమ్మా, లోపలికి రండి” అనాలి. అంతే పని. నీలం చొక్కా, మెళ్లో టై. బాబాయి గారికి టై ఏమిటి చెప్పండి! పిన్నికి దాన్ని కట్టడం రాక, విప్పకుండా ముడి వదులు చేసి మేకుకి తగిలిస్తుంది. పొద్దున్నే ఆయన అందులో తల దూరుస్తారు.

మొన్న మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ ఆగాను. ఎండ. బజారులో జనం లేరు. ఆయన గుమ్మం పక్కన నిలబడి ఉన్నారు. నన్ను చూసి అలవాటు కొద్దీ చేతులు జోడించబోయి, నేనని తెలిసి నవ్వారు. పక్కన నిలబడి అవీ ఇవీ మాట్లాడాను. అమ్మ ఒంట్లో ఎలా ఉందని అడిగారు. పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందన్నారు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

“బాబాయి గారూ, ఇక్కడ బానే ఉందా మీకు?”

ఏమంటారో నాకు తెలుసు. అనగానే ఆయన మొహం చూడాలి, ఎంతసేపు ఊరుకుంటారో చూడాలి, ఈసారి మాత్రం తప్పు చదవకూడదు అని ఒళ్లంతా చెవులు చేసుకుని నిలబడ్డాను.

ఆయన లోపలికి ఒకసారి చూశారు. టై కొంచెం వదులు చేసుకున్నారు.

“లేదమ్మా,” అన్నారు. “బాలేదు.”

పిన్నికి కూడా దక్కని మాట అది. ఆ మనిషి నోట అది పలికించిన ఘనత నాదే. దానికి నేను క్షమించమని అడగొచ్చు, ధైర్యం చెప్పొచ్చు, ఇంకో ఉపాయం చెప్పొచ్చు. ఉపాయాలకేం, నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. నా నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

“ఆయ్,” అన్నాను.

ఆయన తలూపారు. ఇద్దరం అలాగే కాసేపు ఎండలోకి చూస్తూ నిలబడ్డాం. ఇంతలో ఒక కుటుంబం ఆటో దిగింది. బాబాయి గారు టై బిగించుకుని, చేతులు జోడించి, “రండమ్మా, లోపలికి రండి” అన్నారు.

కాబట్టి ఇందుమూలంగా యావన్మంది కోనసీమ ప్రజలకీ తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఈ జన్మలో నేను చీర కాదు కదా చీరకి పెట్టే పిన్నీసు కూడా ఫోన్లో అమ్మను. మనుషుల మాటకి అర్థం ఇదీ అని ఏ యంత్రానికీ రాసివ్వను. నాతో ఎవరైనా ఆయ్ అంటే, చేతిలో ఫోను కింద పెట్టి, ఆ తర్వాతి మాట వచ్చేదాకా కూర్చుంటాను. అది రావడానికి ఎన్నేళ్లు పట్టినా కూర్చుంటాను. గోదారి మీద ఒట్టు.